కేసెట్టు మీద మా చరిత్ర

1963లో ఫిలిప్స్ కంపెనీ కేసెట్టు తెచ్చింది. 1987లో అమెరికాలో ఆటబొమ్మలు చేసే ఫిషర్-ప్రైస్ కంపెనీ పిల్లల కోసం పిఎక్స్ఎల్-2000 అనే వీడియో కెమెరా అమ్మింది. మామూలు పాటల కేసెట్టు మీదనే దృశ్యం ఎక్కేది. టేపు జోరుగా తిరగాలి గనక ఒక్కో కేసెట్టుకు కొద్ది నిమిషాలే పట్టేది. అదీ నలుపు తెలుపు, మసక మసక. అమ్మకం తొందర్లోనే ఆగింది. అయినా సేడీ బెన్నింగ్ చిన్న వయసులో తన గదిలో కూచుని ఆ ఆట కెమెరాతోనే తన బతుకు చెప్పుకుంటే, 1993లో న్యూయార్కు విట్నీ మ్యూజియం ఆ వీడియోలు చూపించింది.

ఇప్పుడు ఆ బొమ్మల్ని తల్చుకుని మురిసేవాళ్లున్నారు. మురవనీ. మా మాదిగవాడలో కేసెట్టు ఆటవస్తువు కాదు. వాడకంతా ఒక్కటే టేపురికార్డరు, మా చిన్నాయినది. 1985 నాటి కారంచేడు మా బడి పుస్తకాల్లో లేదు. పాటల కేసెట్లల్లో విన్నం.

ఒకనాడు చిన్నాయిన ఎర్ర బటన్ నొక్కి అవ్వ ముందు పెట్టిండు. అవ్వ నాట్ల పాట పాడింది. ఆమెకు ఒక్క ఫోటో లేదు. కాగితాల మీద ఆమె జాడ వేలిముద్రే. ఇక మిగిలింది ఆ గొంతు.

శాసనాలంటే రాళ్ల మీద రాతలని బడిలో పిల్లలకు చెప్తాను. మా శాసనాలు అరిగిపోయే టేపుల మీదున్నయి. మీ ఇండ్లల్ల అట్లాంటివుంటే ఇయ్యాల్నే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఆటబొమ్మ పోతే ఇంకోటి దొరుకుతది. అవ్వ గొంతు దొరకదు.