రేడియేషన్ చికిత్స

శక్తిమంతమైన ఎక్స్‌ కిరణాలతో క్యాన్సర్ కణాల డీఎన్ఏను దెబ్బతీసే వైద్యం. జనం నోట ‘కరెంటు పెట్టడం’. ఆ పేరుకే సగం మంది జడుసుకుంటారు గానీ, కిరణాలు తగిలేటప్పుడు నొప్పి ఉండదు.

ఈ చికిత్సకు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ముందు సీటీ స్కాన్‌తో కొలతలు తీస్తారు. తల, మెడ భాగాలకైతే వేడినీళ్లలో మెత్తబడిన ప్లాస్టిక్ జాలీని ముఖం మీద నొక్కుతారు. నిమిషాల్లో గట్టిపడి ముసుగవుతుంది. తల కదలకుండా ఉండటానికే అది. కొలతలప్పుడు ఒంటిమీద పెట్టిన గుర్తులను స్నానంలో రుద్దెయ్యకూడదు. చికిత్స చాలామందికి వారానికి 5 రోజులు, కొన్ని వారాలపాటు సాగుతుంది. పూటకు కొద్ది నిమిషాలే.

రెండు మూడు వారాలకు నీరసం, చర్మం కమలడం మొదలవుతాయి. నోటికి పెడితే పుళ్లు. కారం తగిలితే మంట, పెరుగన్నమే దిక్కు. జుట్టు కిరణాలు పడినచోటే రాలుతుంది. బయటినుంచి ఇచ్చే రేడియేషన్ ఒంట్లో నిలవదు, ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవచ్చు.