గోడ దిగిన నార

శతాబ్దాల పాటు యూరప్ కోటల్లో నేతబొమ్మ గోడను అంటిపెట్టుకునే ఉంది. చిత్రకారుడు గీసిచ్చిన బొమ్మను నేతగాడు దారాల్లోకి దించేవాడు. 1919లో జర్మనీలో మొదలైన బౌహౌస్ విద్యాలయంలో నేతకు సొంత ఆలోచన వచ్చింది. చేరిన ఆడవాళ్లలో ఎక్కువమందిని నేతశాలకే పంపేవారు. అలా చేరిన ఆనీ ఆల్బర్స్ నేతలను 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం విడిగా ప్రదర్శించింది.

ఆ బట్టను గోడ మీంచి దించిన ఘనత నా దృష్టిలో పోలండ్ కళాకారిణి మాగ్దలేనా అబకనోవిచ్‌దే. రేవుల్లో పారేసిన కిత్తనార మోకులు తెచ్చుకుని, పురి విప్పి, రంగు అద్ది నేసింది. 1960ల రెండో సగానికి ఆ నేతలు మనిషిని మించిన ఎత్తున పైకప్పు నుంచి వేలాడాయి. వాటి చుట్టూ తిరిగి చూడాల్సిందే. ఆమె ఇంటిపేరు మీదే వాటికి అబకాన్‌లని పేరు వచ్చింది. 1965లో సావో పాలో ద్వైవార్షికలో ఆమెకు బంగారు పతకమూ దక్కింది. అయినా 1969లో అదే న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఈ తరం నార పనులకు పెట్టిన ప్రదర్శన పేరు ‘గోడ వేలాడింపులు’! పెట్టింది కూడా శిల్ప విభాగం కాదు, వాస్తు, డిజైన్ల విభాగం.

మన దేశంలో ఈ దారి తొక్కింది మృణాళినీ ముఖర్జీ. చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ కూతురు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ శిష్యురాలు. చేనేత బోర్డులో పనిచేసి వచ్చిన ఆ గురువుకు చేతిపని వేరు, కళ వేరు అన్న పట్టింపు లేదు.

మృణాళినికి మగ్గం లేదు. ముందుగా గీసుకున్న బొమ్మా లేదు. రంగు వేసిన జనపనార తాళ్లను ఇనప చట్రానికి కట్టి, ముడి మీద ముడి వేసుకుంటూ పోయేది. ఉట్టి అల్లినవాళ్లకు తెలుసు, ఒక్క ముడి బిగువు తప్పితే అల్లికంతా ఓ పక్కకు లాగేస్తుంది. మనిషిని మించిన శిల్పంలో ఆ బిగువును నెలల తరబడి వేళ్లతోనే కాచుకోవాలి. ‘యక్షి’ (1984), ‘వనశ్రీ’ (1994) అలా పుట్టినవే. ‘వనశ్రీ’ ఎదురుగా నిలబడితే కొలువుదీరిన గ్రామదేవత. కాస్త పక్కకు జరిగితే రేకులు విప్పుకుంటున్న పువ్వు. నార తన బరువుకు తాను కిందికి జారుతుంది. ఆ జారుడునే ఆమె కుచ్చిళ్లుగా, రేకులుగా, పెదవులుగా మలిచింది. రాయికి ఆ గుణం లేదు.

2015లో ఢిల్లీ జాతీయ ఆధునిక కళా మందిరంలో ఆమె జీవితకాల కృషి ప్రదర్శన మొదలైన వారం రోజుల్లోనే ఆమె కన్నుమూసింది. 2019లో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియంలో ఆ తాళ్ల దేవతలు మళ్లీ కొలువుదీరారు, ఈసారి శిల్పాలుగానే.