సర్పగంధ చరిత్ర: గుణదోషాల పరిశీలన

1. ప్రవేశిక

మూలికలు హాని చేయవనే నమ్మకం సమాజంలో బలంగా ఉంది. సర్పగంధ చరిత్ర ఆధారంగా ఈ నమ్మకాన్ని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. తెలుగులో పాతాళగంధి అని కూడా పిలిచే ఈ మొక్క వేరును పాముకాటుకు, నిద్రలేమికి, ఉన్మాదానికి మన దేశంలో చిరకాలంగా వాడుతున్నారు.

2. ఆధునిక పరిశోధన

1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదాన్నీ అధిక రక్తపోటునూ తగ్గిస్తుందని ప్రకటించారు. అదే ఏడాది సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ దీనినుంచి ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలిన్ అని నామకరణం చేశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం పాశ్చాత్య వైద్యుల దృష్టిని ఆకర్షించింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు రిసర్పిన్‌ను వేరుచేశారు.

3. గుణమే దోషం

నాడీకణాలలోని నార్‌ఎపినెఫ్రిన్, సెరటోనిన్, డోపమిన్ నిల్వలను రిసర్పిన్ హరిస్తుంది. రక్తపోటు తగ్గడానికి మూలం ఈ చర్యే. మగత, ముక్కుదిబ్బడ, గుండెవేగం మందగించడం వంటి దుష్ఫలితాలకు మూలమూ ఇదే. కొందరు రోగుల్లో తీవ్రమైన మానసిక కుంగుబాటు కనిపించినట్లు 1950లలోనే వైద్యులు నమోదు చేశారు.

ఇతర మందులతో కలిసినప్పుడు అపాయం పెరుగుతుంది. రక్తపోటు మాత్రలతో కలిస్తే పోటు మరీ పడిపోవచ్చు. డిగాక్సిన్‌తో గుండెలయ తప్పవచ్చు. మద్యం, నిద్రమాత్రలు మగతను పెంచుతాయి. కుంగుబాటుకు వాడే ఎంఏఓ నిరోధకాలతో కలిస్తే రక్తపోటు హఠాత్తుగా పెరిగే ప్రమాదముంది. పైగా వేరులో రిసర్పిన్‌తోపాటు గుండెలయపై పనిచేసే అజ్మలిన్ కూడా ఉంది. వీటి పాళ్లు అన్ని మొక్కల్లో ఒకేలా ఉండవు. కనుక చెంచాతో కొలిచిన చూర్ణంలో మందు ఎంతుందో వాడేవారికి తెలియదు.

4. ముగింపు

‘ఏ మందులు వాడుతున్నారు?’ అని వైద్యుడు అడిగినప్పుడు చూర్ణాన్ని మందుగా లెక్కించని రోగి దాని పేరు చెప్పడు. అపాయానికి దారితీసేది ఈ మౌనమే. పేర్ల గందరగోళం దీనికి తోడవుతోంది. పాతాళగరుడి అనే పేరు సర్పగంధకూ, దానితో సంబంధంలేని దూసరితీగకూ వాడుకలో ఉంది. అందువల్ల వైద్యగ్రంథాలను పరిష్కరించే తెలుగు పరిశోధకులు ప్రతి మూలికకూ వృక్షశాస్త్రనామం జతచేయడం అవసరం. ఇక్కడ పేరు తప్పితే వైద్యమే తప్పుతుంది.