లోపలి చెవికి జన్యుచికిత్స

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలను మందుల విషం నుంచి, పెద్ద చప్పుళ్ల దెబ్బ నుంచి కాపాడటానికి, పోయిన కణాలను తిరిగి పుట్టించటానికి, పుట్టుకతో పనిచేయని జన్యువు స్థానంలో మంచిదాన్ని అందించటానికి సాగుతున్న ప్రయత్నాలకు ఉమ్మడి పేరు ఇది. నత్తగుల్లలా చుట్టలు తిరిగిన కాక్లియాలో చెవికి సుమారు 15,000 రోమకణాలే ఉంటాయి. క్షీరదాల్లో ఇవి చస్తే మళ్లీ పుట్టవు. పక్షుల్లో పుడతాయని 1988లో తేలింది.

1940లలో క్షయకు స్ట్రెప్టోమైసిన్ వాడకం మొదలైన కొద్దికాలానికే కొందరు రోగులకు తల తిరగటం, వినికిడి తగ్గటం వైద్యులు గమనించారు. అమైనోగ్లైకోసైడ్ల కుటుంబానికి చెందిన ఇలాంటి మందులు, తర్వాత వచ్చిన క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ రోమకణాలను చంపుతాయి. ప్రాణం నిలబెట్టే మందును మానలేం కనుక కణాన్నే గట్టిపరచాలన్న ఆలోచన వచ్చింది.

1996లో అనిల్ లాల్వానీ బృందం అడినో అసోసియేటెడ్ వైరస్ సాయంతో గినీ పంది కాక్లియాలోకి జన్యువును చేర్చింది. 1999లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో యెహోయాష్ రఫేల్ బృందం జీడీఎన్ఎఫ్ అనే పోషక ప్రొటీన్ జన్యువును గినీ పందుల చెవుల్లోకి ముందే ఎక్కించి, ఆ తర్వాత అమైనోగ్లైకోసైడ్ ఇచ్చింది. ఆ చెవుల్లో రోమకణాలు ఎక్కువగా బతికాయి. చిక్కంతా ఆ ‘ముందే’ అన్నదాంట్లోనే ఉంది. బాగా వినిపిస్తున్న చెవిలోకి వైరస్‌ను ఎక్కించడానికి ఒప్పుకునే రోగి అరుదు.

దాంతో చూపు పునరుత్పత్తి వైపు మళ్లింది. 2005లో రఫేల్ బృందమే ఏటీఓహెచ్1 జన్యువుతో చెవిటి గినీ పందుల్లో కొత్త రోమకణాలు పుట్టించి, వినికిడిని కొంత మెరుగుపరిచింది. అదే జన్యువుతో 2014లో మనుషులపై పరీక్షలు మొదలయ్యాయి కానీ, ఆ మందు మార్కెట్‌దాకా రాలేదు.

మనుషుల్లో స్పష్టమైన గెలుపు ఓటీఓఎఫ్ జన్యులోపంతో పుట్టిన పిల్లల్లో కనిపించింది. వీరి రోమకణాలు బతికే ఉంటాయి. శబ్ద సంకేతాన్ని నరానికి అందించే ఓటోఫెర్లిన్ ప్రొటీన్ మాత్రం లోపిస్తుంది. ఈ జన్యువు ఒక వైరస్‌లో పట్టనంత పెద్దది కాబట్టి రెండు ముక్కలుగా, రెండు వైరస్‌లలో పంపుతారు. షాంఘైలోని ఫుడాన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చికిత్స పొందిన ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి వచ్చిందని 2024 జనవరిలో ‘లాన్సెట్’ ప్రచురించింది.

రక్షణ విషయంలో మాత్రం జన్యువు కంటే మామూలు రసాయనమే ముందుంది. సిస్‌ప్లాటిన్ తీసుకునే, క్యాన్సర్ గడ్డ ఇతర భాగాలకు పాకని పిల్లల్లో చెవుడు ముప్పును తగ్గించటానికి సోడియం థయోసల్ఫేట్‌ను అమెరికా 2022లో ఆమోదించింది.