నొప్పి ఒక చోట, మూలం మరొక చోట
(ట్రిగ్గర్ పాయింట్ చికిత్స పుట్టుపూర్వోత్తరాలు)

పదవీ విరమణ చేసినవారు నలుగురు ఒకచోట చేరితే పింఛను, డి.ఎ. బకాయిల తరువాత వచ్చే మాట ఒళ్ళు నొప్పులే. మెడ పట్టేసిందని ఒకరు, భుజం లేవడం లేదని ఒకరు, నడుము నుండి పిక్క వరకు లాగుతోందని మరొకరు. ఎక్స్‌రేలో చెప్పుకోదగ్గది ఏమీ కనబడదు. "వయసు మీద పడింది కదా" అని పంపించేస్తారు. కొన్నాళ్ళకు ఇంట్లోవారు కూడా వినడం మానేస్తారు. అటువంటి నొప్పిని నమ్మి, చేతితో తడిమి, దాని మూలం వెదికిన కొందరు వైద్యుల చరిత్ర మనబోటివారు తెలుసుకోదగినది.

1904లో ఇంగ్లండుకు చెందిన నరాల వైద్యుడు సర్ విలియం గవర్స్ నడుము నొప్పి గురించి ప్రసంగిస్తూ, కండరాల పీచులో వాపు వల్ల ఈ నొప్పులు వస్తాయని భావించి దానికి 'ఫైబ్రోసైటిస్' అని పేరు పెట్టారు. పేరు చాలాకాలం నిలిచింది గాని, ఆయన ఊహించిన వాపు మాత్రం తరువాతి పరీక్షలలో రుజువు కాలేదు.

అసలు మలుపు 1938లో వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్‌లో సర్ థామస్ లూయిస్ వద్ద పనిచేస్తున్న యువ వైద్యుడు జాన్ కెల్‌గ్రెన్, ఇష్టపడి ముందుకు వచ్చిన ఆరోగ్యవంతుల కండరాలలోకి గాఢమైన ఉప్పునీటిని సూదితో ఎక్కించి చూశారు. నొప్పి సూది గుచ్చిన చోటనే ఉండిపోలేదు, దూరంగా మరో భాగంలో తెలిసింది. నొప్పి పుట్టే చోటు వేరు, బాధించే చోటు వేరు కావచ్చునని దీనితో స్పష్టమైంది. ఈ కెల్‌గ్రెన్ మనకు కొత్తవారేమీ కాదు. మన మోకాళ్ళ ఎక్స్‌రే చూసి అరుగుదల 'గ్రేడ్ 2', 'గ్రేడ్ 3' అని డాక్టర్లు వ్రాసే కొలబద్ద, 1957లో ఆయనా లారెన్స్ అనే మరో వైద్యుడూ కలిసి ప్రకటించినదే.

ఈ విషయాన్ని చికిత్సగా మలచిన ఘనత అమెరికాలోని న్యూయార్క్‌కు చెందిన డాక్టర్ జానెట్ ట్రావెల్ (1901-1997) గారిది. గుండె జబ్బుల వైద్యుడు సేమూర్ రింజ్లర్‌తో కలిసి ఆమె భుజం నొప్పులను, ఛాతీ నొప్పులను పరిశీలించారు. బిగిసిన తాడులా తగిలే కండరంలో ఒకచోట వేలితో నొక్కితే రోగి ఉలిక్కిపడి "ఇదే నా నొప్పి" అనేవాడు. తుపాకి మీట నొక్కేది ఒక చోట, గుండు తగిలేది మరో చోట. అందుకే దానికి 'ట్రిగ్గర్ పాయింట్' అన్న పేరు సరిపోయింది. భుజం పైకండరంలోని బిందువు కణతలో తలనొప్పిగా తెలుస్తుంది. పిరుదు లోపలి కండరంలోనిది కాలి వెంట దిగి సయాటికాలా భ్రమింపజేస్తుంది. 1952లో ట్రావెల్, రింజ్లర్ కలిసి ఏ కండరం నొప్పి ఎక్కడికి ప్రాకుతుందో బొమ్మలతో సహా ప్రచురించారు. ఆ బిందువులో మత్తుమందు సూది వేయడం, చర్మంపై చల్లని మందు చిమ్ముతూ కండరాన్ని మెల్లగా సాగదీయడం ఆమె పద్ధతులు.

1955లో, వెన్నుకు శస్త్రచికిత్సలు జరిగినా నొప్పి తగ్గని ఒక సెనేటర్ ఆమె వద్దకు వచ్చారు. ఆయనే జాన్ కెన్నెడీ. సూదిమందుతోపాటు ఆమె ఆయన ఎడమకాలు కాస్త పొట్టిగా ఉన్నదని గమనించి బూటు మడమకు ఎత్తు పెట్టించారు, ఊగే కుర్చీలో కూర్చోమన్నారు. 1961లో ఆయన అధ్యక్షుడు కాగానే ఆమె వైట్‌హౌస్ వైద్యురాలయ్యారు. ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమే. అయితే తరచూ సూదులు వేయడం మంచిది కాదని ఇతర వైద్యులు అభ్యంతరం చెప్పారు. అదే సంవత్సరం హాన్స్ క్రాస్ అనే వైద్యుని పిలిపించి, క్రమమైన వ్యాయామం మొదలుపెట్టించారు. దానితో అధ్యక్షునికి మేలు కలిగింది. సూది దారి చూపితే, నడిపించేది కసరత్తే అన్నది ఇందులోని పాఠం.

ఆమెకు తోడైన డాక్టర్ డేవిడ్ సైమన్స్ కథ మరీ విచిత్రం. అమెరికా వైమానిక దళ వైద్యుడైన ఆయన 1957 ఆగస్టులో బెలూనులో లక్ష అడుగుల పైకి వెళ్ళి వచ్చిన సాహసి. ఆకాశం నుండి దిగి కండరాల చిక్కుముడులు పట్టుకున్నారు. వారిద్దరూ వ్రాసిన గ్రంథం మొదటి సంపుటం 1983లో, రెండవది 1992లో వెలువడ్డాయి. రెండవ సంపుటం వచ్చేనాటికి ట్రావెల్ గారికి 90 ఏళ్ళు! ఈలోగా 1979లో చెకొస్లొవేకియా వైద్యుడు కారెల్ లెవిట్, మందు లేకుండా వట్టి సూది గుచ్చినా ఉపశమనం కలుగుతోందని వ్రాశారు. నేటి 'డ్రై నీడ్లింగ్'కు అది ఊతమైంది.

అందరూ దీనిని ఒప్పుకున్నారనుకోరాదు. ఒకే రోగిని పరీక్షించిన నిపుణులు బిందువు ఎక్కడున్నదో ఏకాభిప్రాయానికి రాలేకపోయారని 1992లో ఒక పరిశోధన తెలిపింది. దానిలో సైమన్స్ కూడా భాగస్వామి కావడం ఆయన నిజాయితీకి గుర్తు. ఆస్ట్రేలియా వైద్యులు క్వింట్నర్, కోహెన్ 1994లో అసలు సిద్ధాంతాన్నే ప్రశ్నించారు. నొప్పి నిజమైనదే, వివరణ సరైనది కాదని వారి వాదన. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

మనవంటివారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఛాతీలో గాని, ఎడమ భుజంలో గాని కొత్తగా నొప్పి వస్తే కండరమని సరిపెట్టుకోక, ముందు గుండెను పరీక్ష చేయించుకోవాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు డాక్టరును అడగకుండా గట్టిగా నొక్కించుకోవడం, సూదులు గుచ్చించుకోవడం కూడదు. మిగిలినవారు గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి ఉంచి, ఓర్చుకోగలిగినంత మేరకే మెల్లగా ఒత్తి, తరువాత కండరాన్ని సాగదీయవచ్చు. గంటల తరబడి టి.వి. ముందు కదలకుండా కూర్చోవడం మానాలి.

ఇంట్లో పెద్దవారు "ఇక్కడ నొప్పి" అంటే, పిల్లలారా, ఒక్క నిమిషం ఆగి వినండి. కెల్‌గ్రెన్, ట్రావెల్ మొదలుపెట్టింది కూడా ఆ మాట నమ్మడంతోనే.