రేకు కారుకు పగ్గం దొరికిన వేళ

బల్ల మీద చిన్న చిన్న కార్లు కరెంటుతో గిరగిరా తిరుగుతున్నాయి. చుట్టూ మూగిన జనం ముచ్చటగా చూస్తున్నారు. వాళ్లలో ఒకాయన చూపు మాత్రం కార్ల మీద లేదు. వాటిని నడుపుతున్నదెవరా అని వెతుకుతోంది. ఎవరూ లేరు. స్విచ్చి వేస్తే తిరుగుతాయి, ఆపితే ఆగుతాయి. ఆడుకునేవాడికి చూడటం తప్ప పనే లేదు.

అది 1950ల నడిమి కాలం. ఆ బొమ్మల ప్రదర్శనలో నిలబడ్డ మనిషి ఫ్రెడ్ ఫ్రాన్సిస్, ఇంగ్లండ్‌లోని హావంట్‌లో మినీమోడల్స్ కంపెనీ యజమాని. 1952లో ఆయన స్కేలెక్స్ పేరుతో రేకు కార్లు తెచ్చాడు. కారును నేలకు అదిమి వెనక్కి లాగితే కింద దాగిన ఐదో చక్రం స్ప్రింగును చుట్టేది. వదిలితే రయ్యిమని దూసుకుపోయేది. జాగ్వార్ ఎక్స్‌కే 120తో మొదలైన ఆ వరుస బాగా అమ్ముడుపోయింది. తర్వాత మోజు తగ్గింది. స్ప్రింగు కారు మన తిరునాళ్లలోనూ దొరికేది. చేయి వదిలాక దానికీ మనకూ సంబంధం ఉండదు. గోడకు కొట్టుకునేదాకా అది దాని ఇష్టం.

ఫ్రాన్సిస్ తన రేకు కారునే మళ్లీ విప్పించాడు. స్ప్రింగు పోయింది, ఆ చోట మోటారు కూర్చుంది. మరి కదిలే కారుకు కరెంటు ఎలా అందాలి? రబ్బరుతో ట్రాక్ పోసి, దాని గాడిలో లోహపు పట్టాలు పెట్టారు. కారు అడుగున గింబల్ అనే చిన్న చక్రం అమర్చారు. గాడి వెంట కారును నడిపించేదీ, పట్టాల నుంచి కరెంటు అందుకునేదీ ఆ ఒక్క చక్రమే. ఇంత చిన్న వస్తువు రెండు పనులు చేయడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆఖరుగా, ఆడేవాడి చేతికి ఒక మీట. నొక్కితే పరుగు, వదిలితే ఆగుడు. వేగాన్ని కొద్దికొద్దిగా పెంచే కంట్రోలర్లు తర్వాత వచ్చాయి. స్కేలెక్స్‌కు ఎలక్ట్రిక్ కలిసి స్కేలెక్‌స్ట్రిక్ అయింది. 1957 జనవరిలో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో అది జనం ముందుకొచ్చింది. గిరాకీని తట్టుకోవడం ఆ చిన్న కంపెనీ వల్ల కాలేదు. 1958లో ఫ్రాన్సిస్ దాన్ని లైన్స్ బ్రదర్స్ అనే బొమ్మల కంపెనీకి అమ్మేశాడు.

ఆ నాటి కార్లను ఇప్పటికీ పందేల్లో పరిగెత్తించేవాళ్లున్నారు. కారు చేతికి రాగానే వాళ్లు ముందు చూసేది టైర్లే. దశాబ్దాలు గడిచేసరికి రబ్బరు చెక్కలా బిగుసుకుపోయి ఉంటుంది. కొత్త టైరు తొడిగినా పని అయిపోదు. గుండ్రంలో వెంట్రుకంత తేడా ఉన్నా కారు గెంతుతుంది. అందుకని ట్రాక్ మీద ఉప్పుకాగితం అతికించి, కారును కదలకుండా పట్టుకుని మోటారు తిప్పుతారు. టైరు తనను తానే అరగదీసుకుని నున్నగా, సమంగా తేలుతుంది. ఓపిక కావాలి. గట్టిగా అదిమితే రబ్బరు వేడెక్కి చెడుతుంది.

తర్వాత మోటారు. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటర్ నల్లబడితే తుడుస్తారు, ఇరుసుకు చుక్క నూనె వేస్తారు. సత్తువ తగ్గిన అయస్కాంతానికి మళ్లీ బలం ఎక్కిస్తారు. అది నీరసిస్తే మలుపు దాటాక కారు లాగలేదు. బరువు పైన ఉన్న రేకు బండి మలుపులో పల్టీ కొట్టకుండా అడుగున సీసం ముక్క అంటిస్తారు. మర్యాద తెలిసినవాళ్లు తీసేసిన ప్రతి పాత భాగాన్నీ డబ్బాలో దాచిపెడతారు. ఎప్పుడైనా కారును పుట్టిన రూపుకు తేవచ్చని.

ఇప్పుడు కారును గాడిలో పెడతారు. ట్రిగ్గరు మీద వేలు బిగుస్తుంది. మలుపు దగ్గర పడేసరికి ఆ వేలు కొంచెం సడలుతుంది. వెనక చక్రాలు పక్కకు జారబోయి, పట్టు దొరకబుచ్చుకుంటాయి. కారు ముందుకు దూకుతుంది.