సఫ్రెను నావికాధిపతి

జగ్గయ్యపేట, నందిగామల మీదుగా బెజవాడకు పోవు బాటసారులలో, ఈ సీమ యొకప్పుడు పరాసుల యేలుబడిలో నుండెనని తలంచువారు మిక్కిలి యరుదు. 1753లో సలాబతు జంగు కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను సైన్యవ్యయము నిమిత్తము బుస్సీ కొసంగెను. ఆరేండ్లకే యవి చేజారెను. 1759 ఏప్రిలులో ఆంగ్లేయ సేనాని ఫోర్డు రాత్రివేళ బందరుకోటను పట్టుకొనెను. పరాసుల సహాయనౌకలు వచ్చునప్పటికి కోట పరులపాలై యుండెను. భూమిపై గడించినదానిని సముద్రబలము లేక పోగొట్టుకొనిరి.

ఆ యేటనే ఆగస్టులో, పోర్చుగల్లు తీరమున జరిగిన లాగోసు యుద్ధమునందు సఫ్రెను ఆంగ్లేయులకు బందీ యయ్యెను. అతడు 1729లో ప్రొవాన్సు సీమలో కులీనవంశమున జనించి, బాల్యముననే నౌకాదళమున జేరినవాడు. 1747లోను ఒకమారు చెరపడియుండెను. ఓడలను బారులు దీర్చి దూరమునుండి ఫిరంగులు కాల్చుటతో తృప్తిపడరాదనియు, శత్రువును సమీపించి తాకవలెననియు అతని నిశ్చయము.

1782, 83 సంవత్సరములలో సఫ్రెను మన తూర్పు సముద్రమున ఆంగ్లేయ నావికాధిపతి హ్యూసుతో అయిదుమారులు పోరెను. మొదట నతనికి ఓడలు బాగుచేసికొనుటకు తగిన రేవైనను లేదు. చిన్న నావల స్తంభములను ఊడదీసి పెద్దవాటికి అమర్చుకొనుచు, 1782 ఆగస్టు చివర లంకలోని ట్రింకోమలీని పట్టుకొనెను. హైదరాలీ స్వయముగా కడలూరి చెంతకు వచ్చి యతనిని సన్మానించెను.

మేమీ కథ చెప్పునపుడు విద్యార్థు లొక ప్రశ్న వేయుదురు: ఇంతటివాడు శత్రునౌకాదళమును ఏల నాశనము చేయలేకపోయెను? అతని కప్తానులలో పలువురు సంజ్ఞలను పాటింపక దూరముననే నిలిచిరి. ఆ కాలమున పరాసు నౌకాదళమునందలి పదవులు అధికముగా వంశమునుబట్టి లభించెడివి. నాగపట్టణపు యుద్ధానంతరము సఫ్రెను కొందరిని తొలగించెను. కాని దోషము మూలమున నుండెను.

1783 జూను 20న కడలూరి యెదుట పదునైదు ఓడలతో పదునెనిమిదింటి నెదిర్చి, హ్యూసును మద్రాసునకు మరలించెను. నాడు కడలూరిలో ముట్టడిపడియున్న వృద్ధసేనాని, మన సర్కారుల నేలిన బుస్సీయే! కాని ఐరోపాలో జనవరిలోనే సంధి యొడంబడిక కుదిరియుండెను. ఆ వార్త జూను చివరనే యిచ్చటికి చేరెను.

సఫ్రెను 1788లో పారిసునందు మరణించెను. ఒక్కని సామర్థ్యము పలువురి యైకమత్యమునకు బదులు కానేరదు. పుట్టుకను జూచి పని యప్పగించిన చోట, సమర్థుడు సైతము ఒంటరివాడే యగును. ఈ మాట నౌకలకే గాక, మన గృహములకును సభలకును వర్తించును.